బల్లపైని రైలుదారి

శ్రీశైలమునకు రైలు లేదు. కృష్ణానదీ తీరమున, నల్లమల అడవుల నడుమ కొండపై వెలసిన ఆ క్షేత్రమునకు రైలులో పోగోరు యాత్రికుడు మార్కాపురము రోడ్డు అను స్టేషనులో దిగి, దోర్నాల మీదుగా అడవిదారిని ఇంచుమించు ఎనుబది కిలోమీటర్లు బస్సులో పోవలెను. శివరాత్రి నాళ్లలో ఆ స్టేషను యాత్రికులతో కిటకిటలాడును. కాని శివరాత్రి ఏడాదికి ఒక్కమాఱే కదా! తక్కిన దినములలో ఆ స్టేషనుకు పని యేమి? అచ్చట దిగు సరకేది, ఎక్కు సరకేది? ఈ ప్రశ్నకు జవాబు వెదకినవాడే బల్లపై ఒక చిన్న రైలుదారిని నిజమైనదానివలె కట్టగలడు.

మీలో పెక్కుమంది బొమ్మరైలును చూచియుందురు. తాళము త్రిప్పి విడిచినచో అది గుండ్రని పట్టాలపై గిరగిర తిరుగును. మొదట ముచ్చటగానే యుండును; అరగంట గడచిన పిమ్మట విసుగు పుట్టును. ఆ రైలు ఎచ్చటినుండియు వచ్చునది కాదు, ఎచ్చటికిని పోవునది కాదు. దానికి మోయవలసిన బరువు లేదు, చేరవలసిన ఊరు లేదు. విసుగునకు కారణమదియే.

1891లో జర్మనీదేశపు మార్క్లిన్ సంస్థవారు లైప్‌జిగ్ సంతలో ఒక కొత్త వస్తువును ప్రదర్శించిరి. రైలు మాత్రమే కాక, దానికి తగిన పట్టాలను ముక్కలుముక్కలుగా, నిర్ణీతమైన కొలతలతో చేసి అమ్మకమునకు పెట్టిరి. ఆ ముక్కలను కలుపుకొనుచు దారిని నానాటికి పెంచుకొనవచ్చును. అప్పటినుండి ఆటబొమ్మ క్రమముగా ఒక విద్యగా మారినది. అమెరికాలో ఫ్రాంక్ ఎల్లిసన్ అను నాతడు, బల్లపైని రైలుదారి నాటకశాల వంటిదని 1940ల దశకములోనే వ్రాసెను. అతని లెక్కలో బండ్లు పాత్రధారులు; వేళల పట్టికయే కథ. మన దేశములో పూణే నగరమున 1998లో జోషీగారి చిన్నరైళ్ల ప్రదర్శనశాల తెరవబడినది. దానిని చూచినవారు ఇది పిల్లలాట అని అనలేరు.

ఎల్లిసన్ మాటకు నేనొక మాట చేర్చెదను. కథ పుట్టునది సరకునుండి. రైలుదారి ప్రక్కన ఏ పరిశ్రమ యున్నదో తెలిసినగాని, అచ్చటికి ఎట్టి వ్యాగను రావలెనో, ఎన్ని పట్టాలుండవలెనో, ఎచ్చట కూలీలు నిలువవలెనో తెలియదు. కావున కత్తెరయు జిగురును చేతబట్టుటకు ముందు ఊరు తెలిసికొనవలెను.

మార్కాపురమునే తీసికొందము. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడువఱకు (తరువాత దానికే ప్రకాశము జిల్లా యను పేరు వచ్చినది) ఈ ఊరు కర్నూలు జిల్లాలోనిదే. గుంతకల్లునుండి ద్రోణాచలము, నంద్యాల, గిద్దలూరు, కంభము, మార్కాపురము మీదుగా గుంటూరు వైపు పోవు దారి పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశకములలో వేయబడినది. అది మీటరుగేజి దారి; అనగా రెండు పట్టాల నడుమ ఎడము ఒక మీటరు మాత్రమే. నంద్యాలకును గిద్దలూరునకును నడుమ అది నల్లమలను దాటును. బొగద సొరంగము, లోయపై ఎత్తుగా కట్టిన దొరబావి వంతెన ఆ దారిలోనివే. 1990ల దశకములో ఈ మార్గమును బ్రాడుగేజిగా మార్చినప్పుడు, కొండలలో కొత్తబాట వేసి పాతదానిని విడిచివేసిరి.

ఈ దారిపై నడచిన సరకులు ఆ సీమ కథను చెప్పును. బేతంచెర్ల వైపు నేలలో పొరలు పొరలుగా దొరకు నాపరాయి, దాని చెంతనే పాణ్యము సిమెంటు, నల్లమల వెదురు, కలప. వర్షము కొఱతపడిన సీమలో పైరు చేయలేని పనిని నేలలోని రాయి చేసినది. మార్కాపురపు రాయి మఱింత విచిత్రమైనది. మీ తాతలు అక్షరములు దిద్దిన పలక బహుశః అదియే!

పలక ఎట్లు తయారగునో తెలియనిచో నమూనాలో ఆ పరిశ్రమను నిలుపలేము. ఊరి చుట్టుపట్ల నేలను లోతుగా త్రవ్విన గనులు కలవు. పైమట్టి, చెడురాయి తీసివేసిన పిమ్మట బూడిదవన్నె రాయి బయటపడును. ఈ రాయి పుస్తకము వంటిది. పుటలవలె పొరలు కలిగియుండును. పనివాడు ఆ పొర అంచున పలుచని ఉలిని నిలిపి సుత్తితో మెల్లగా తట్టగా, రాయి పలుచని రేకులుగా విడివడును. దెబ్బ ఎక్కువైనచో రేకు విఱుగును. ఆ రేకులను కొలతకు కోసి, నునుపుచేసి, నల్లరంగు పట్టించి, నాలుగంచులకు కఱ్ఱచట్రము బిగింతురు. గనుల ప్రక్కన చెడురాయి గుట్టలు గుట్టలుగా పేరుకొనును. నమూనా కట్టువారికి ఈ గుట్టలు మిక్కిలి ముఖ్యము. పలకల గని యెక్కడనో చూపరులకు చెప్పునవి అవియే.

ఇక కొలతల మాట. ప్రపంచములో ఎక్కువమంది వాడు ప్రమాణము ఎనుబదియేడింట ఒకటి. దాని ప్రకారము ఒక మీటరు పదకొండున్నర మిల్లీమీటర్లగును. కావున మన మీటరుగేజి దారికి 12 మిల్లీమీటర్ల ఎడముగల పట్టాలు సరిపోవును. 165 సెంటీమీటర్ల మనిషి 19 మిల్లీమీటర్లు, అనగా చిటికెనవ్రేలి చివరి కణుపు కంటె చిన్నవాడు. ఆఱు మీటర్ల వ్యాగను ఏడు సెంటీమీటర్లు. మఱి పలక? 25 సెంటీమీటర్ల పొడవు గల పలక మూడు మిల్లీమీటర్ల కంటె తక్కువ. బియ్యపుగింజ పొడవైన లేదు! కావున విడిపలకలను చేయబూనరాదు. పలకలు సర్దిన కఱ్ఱపెట్టెలను చేసిన చాలును.

శ్రీశైలమును కూడ బల్లపై పెట్టవలెనని మీకు తోచవచ్చును. లెక్క వేసి చూడుడు. 1963లో పునాదిరాయి వేయబడిన శ్రీశైలము ఆనకట్ట ఎత్తు 145 మీటర్లు, పొడవు 512 మీటర్లు. మన ప్రమాణములో అది ఒక మీటరు అఱువదియేడు సెంటీమీటర్ల ఎత్తుండును. మీలో పెక్కుమంది కంటె పొడవు. దాని నిడివి ఆఱు మీటర్లకు కొంచెము తక్కువ. అదియు గాక, స్టేషనునుండి ఎనుబది కిలోమీటర్ల దూరము 920 మీటర్లగును గనుక, ఆనకట్టను వీధి చివరనెక్కడనో కట్టవలసివచ్చును! కావున శ్రీశైలము మన బల్లపై కనబడదు. స్టేషను వెలుపల ఒక బస్సు, దానిపై మూటలు, చుట్టును పదిమంది యాత్రికులు. అంతమాత్రముననే చూపరికి శ్రీశైలము తోచును.

ఇట్లు కొన్నిటిని విడుచుట, కొన్నిటిని కుదించుట తప్పుకాదు. నలువది వ్యాగనుల బండికి మూడు మీటర్ల బల్ల కావలెను. ఆఱు వ్యాగనులతో తృప్తిపడవలెను. కాని కుదింపునకు ఒక నియమము కలదు: సంఖ్యను తగ్గించవచ్చును గాని సంబంధమును తెంచరాదు. పలకల పెట్టెలు గూడ్సుషెడ్డుకు చేరు బండిబాటను విడిచినచో ఆ షెడ్డు వట్టి బొమ్మ యగును.

రెండున్నర మీటర్ల పొడవు, అఱువది సెంటీమీటర్ల వెడల్పు గల బల్ల మొదటి ప్రయత్నమునకు చాలును. దానిపై మూడు పట్టాలు: నడుమ ముఖ్యమార్గము, బండ్లు ఒకదానినొకటి దాటుటకు ఒక లూపులైను, గూడ్సుషెడ్డుకు ఒక సైడింగు. రెండు కొనలయందును పట్టాలు అట్టతెరల వెనుకకు పోవును. ఎడమతెర వెనుక గుంతకల్లు, కుడితెర వెనుక గుంటూరు అనుకొందము. తెర వెనుక బండిని చేతితో మార్చి మరల పంపవచ్చును. ఇంజనును నడుపుటకు పట్టాలలో 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తు చాలును. ధన, ఋణ ధ్రువములను మార్చినంతనే బండి వెనుకకు నడచును. ఇంటి విద్యుత్తును తిన్నగా పట్టాలకు కలుపుట ప్రాణాపాయము. దుకాణములో దొరకు తగిన ట్రాన్స్‌ఫార్మరును పెద్దల యెదుట అమర్చుకొనవలెను.

కొండలకు పాతవార్తాపత్రికలను గంజిలో నానవేసి, వెదురుతడికపై పొరలుగా అతికింపవలెను. రంగు విషయమున నా అనుభవ మొకటి చెప్పెదను. నేను మొదట కట్టిన నల్లమలకు చిక్కని పచ్చరంగు పూసితిని. చూచిన మిత్రుడు, "ఇది కోనసీమయా?" అని అడిగెను. వేసవిలో ఆ కొండలు ఎండుగడ్డివన్నెలో నుండును. చెట్లు చాలవఱకు ఆకురాల్చును. రంగునకు బదులు ఆ ఊరి మన్నునే జల్లెడపట్టి చల్లితిని, అప్పుడు కుదిరినది. గనికి మాత్రము పగిలిన పలక ముక్కలను మించిన వస్తువు లేదు. రాయిలోని పొరలు చిన్నప్రమాణములోను అట్లే కనబడును.

ఇప్పుడు బండ్లను నడిపింతము. ప్రతి వ్యాగనుకును ఒక చీటి వ్రాయుడు. ఒక చీటిపై "ఖాళీ - గుంతకల్లునుండి మార్కాపురము రోడ్డునకు" అనియు, వెనుకవైపున "పలకలు - మార్కాపురము రోడ్డునుండి గుంతకల్లునకు" అనియు ఉండును. సిమెంటు వ్యాగను మన స్టేషనులో ఆగి తూర్పునకు పోవును. చట్రముల కఱ్ఱ దిగవలెను. పాసింజరు వచ్చు వేళకు సరకుబండి లూపులైనులో ఒదిగియుండవలెను. ఇద్దఱు కూర్చుండి, ఒకడు స్టేషను మాస్టరుగా, ఇంకొకడు డ్రైవరుగా ఆడినచో గంటలు తెలియకుండ గడచును. గుంతకల్లులో మఱియొక చిక్కు కలదు. ఆనాడు బొంబాయికి పోవు పలకలను అక్కడ మీటరుగేజి వ్యాగనునుండి దింపి బ్రాడుగేజి వ్యాగనులోనికి ఎక్కింపవలసి యుండెను. పలక పెళుసు వస్తువు. కూలి చేయిజాఱిన పెట్టె ఎన్ని బడులకు పలకలను తగ్గించెనో!

చివరకు మనుష్యులు. పందొమ్మిది మిల్లీమీటర్ల బొమ్మలను చేసి రంగువేయుట ఓపికతో కూడిన పని. స్టేషను మాస్టరు, కూలీలు, యాత్రికులు సులభముగనే కుదురుదురు. గనిలోనికి వచ్చుసరికి చేయి ఆగును. పలకల పనిలో పెద్దలతోపాటు పిల్లలును ఉండిరి. దేశములో 1988లో జాతీయ బాలకార్మిక పథకము ప్రారంభమైనప్పుడు తొలుత చేపట్టిన పరిశ్రమలలో మార్కాపురపు పలకల పరిశ్రమ యొకటి. పనినుండి తప్పించిన పిల్లలకై ఆ పథకము క్రింద ప్రత్యేకపాఠశాలలు తెరచిరి. ఇతరుల అక్షరాభ్యాసమునకు పలక చేసిన చేయి దానిపై ఒక్క అక్షరమైన దిద్దకపోవుట యెట్టిదో ఊహింపుడు. 1965నాటి మార్కాపురమును కట్టుచున్నామని బల్ల అంచున తేదీ వ్రాసితిమేని, గనిలో పండ్రెండు, పదమూడు మిల్లీమీటర్ల బొమ్మలను గూడ నిలుపవలెను. వానిని విడిచినచో దృశ్యము అందముగా నుండును గాని అది మార్కాపురము కాదు.

తేదీని మార్చినచో బల్ల కూడ మాఱును. కాగితపు పుస్తకములు చౌకయై పలకకు గిరాకి తగ్గినది. నేడు ఆ రాయి గోడలకును నేలలకును అతికించు బిళ్లలుగా విదేశములకు పోవుచున్నది. కావున నేటి నమూనాలో పట్టాల ఎడము పెరుగును, పలకల పెట్టెలు పోవును, రాతిబిళ్లలు వచ్చును, గని ప్రక్క రాతిగుట్టలు మఱింత ఎత్తగును. స్టేషను వెలుపలి బస్సు మాత్రము అట్లే యుండును. దాని నుదుటిపై "శ్రీశైలము" అని వ్రాయుటకు ఒకే వెండ్రుక గల కుంచె కావలెను.