‘క్లోజ్డ్’ అంటే అయిపోయినట్టేనా?

టికెట్ అంటే సినిమాది కాదు. మీరు కస్టమర్ కేర్‌కి ఫిర్యాదు చేస్తే అవతల ఓ నంబర్‌తో నమోదవుతుంది చూడండి, అదీ టికెట్. నేను హైదరాబాద్‌లో చేసే పని ఈ టికెట్లను ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి చేర్చడమే.

చిక్కేంటంటే ఒక్కో కంపెనీది ఒక్కో యాప్. ఒకరికి 2002లో వచ్చిన జీరా, ఇంకొకరికి 2011లో వచ్చిన ట్రెల్లో, మరొకరికి ఆసనా. దేని ఏపీఐ దానిదే. అన్నింటికీ విడివిడిగా కోడ్ రాస్తూ కూర్చుంటే తెల్లారిపోతుంది. అందుకే యూనిఫైడ్ టికెటింగ్ ఏపీఐలు వచ్చాయి. మెర్జ్ లాంటి సంస్థలు వీటిని ఇస్తున్నాయి. మనం ఒక్కదానితో మాట్లాడితే చాలు, అవతల ఏ యాప్ ఉన్నా అదే చూసుకుంటుంది. దుకాణంలో ఒక్క క్యూఆర్ కోడ్ పెడితే ఫోన్‌పే, గూగుల్ పే రెండూ పనిచేసినట్టు!

కానీ ఏ యాప్‌లో పంపినా రూపాయి రూపాయే. ‘పని అయిపోయింది’ అనే మాట అలా కాదు. ఆసనాలో టాస్క్ పూర్తయిందా, లేదా.. అంతే. జీరాలో ఏ టీమ్ దశలు ఆ టీమ్‌వే. ఇక ట్రెల్లో ఏపీఐలో ‘క్లోజ్డ్’ అంటే పని పూర్తయిందని కాదు, కార్డును ఆర్కైవ్ చేశారని!

బోర్డు శుభ్రం చేద్దామని ఎవరో పాత కార్డు ఆర్కైవ్ చేశారనుకోండి. కోడ్ దాన్ని పరిష్కారంగా చదివితే, రిఫండ్ కోసం ఎదురుచూసే మనిషికి ‘మీ సమస్య పరిష్కరించాం’ అని మెసేజ్ వెళ్లిపోతుంది. డబ్బు మాత్రం రాదు. ఇలాంటి మెసేజ్ చూసి ఎప్పుడైనా ఒళ్లు మండిందా? కారణం ఇలాంటిదే కావచ్చు.

అందుకే కోడ్ మొదలెట్టేముందు కస్టమర్ టీమ్‌తో కూర్చుని ‘మీ దగ్గర పని అయిపోయినట్టు ఎలా తెలుస్తుంది?’ అని అడుగుతాను. వాళ్ల ఒక్కో దశా మా దగ్గర దేనికి సమానమో రాసుకుంటాను. అర్థంకాని స్టేటస్ వస్తే టికెట్ తెరిచే ఉంటుంది. మనిషి చూశాకే మెసేజ్ వెళ్తుంది. అసలు యాప్ పంపిన సమాచారాన్నీ దాచిపెడతాను, తర్వాత తేడా వస్తే చూసుకోవడానికి.

ఈ రంగంలోకి రావాలనుకునేవాళ్లు ఓ పని చేయండి. ట్రెల్లోలో ఉచిత ఖాతా తెరిచి, ఓ కార్డును ఆర్కైవ్ చేయండి. బ్రౌజర్‌లో ఆ కార్డు లింక్ చివర డాట్ జేసన్ చేర్చి తెరవండి. ‘క్లోజ్డ్’ ఎదురుగా ‘ట్రూ’ కనిపిస్తుంది. పని ముట్టుకోనేలేదని మీకు తెలుసు. కోడ్‌కి తెలియదు.