మొక్క పెట్టిన చుక్కలు

గంటకు ఒక మిల్లీమీటరు ఎదిగే మొక్క ఒక్క సెకనులో ఎంత ఎదుగుతుంది? మిల్లీమీటరును 3,600 ముక్కలు చేస్తే అందులో ఒక ముక్కంత. 19వ శతాబ్దంలో జర్మనీకి చెందిన యూలియస్ జాక్స్ మొక్క కొనకు దారం కట్టి, కప్పీ మీదుగా ఒక ముల్లుకు తగిలించి ఎదుగుదలను కొలిచాడు. ముల్లు కదిలింది గానీ, అది కదిలేసరికి గంటలు గడిచేవి. ఈలోగా ఎండ మారేది, గాలిలో తేమ మారేది. మొక్క వేగం మారితే కారణం ఏదని చెప్పగలం?

కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ ఈ చిక్కునే పట్టుకున్నాడు. అంతకుముందు రేడియో తరంగాల మీద పనిచేసిన మనిషి కాబట్టి సున్నితమైన పరికరాలు ఆయనకు కొత్త కాదు. స్థానిక పనివాళ్ల చేతే చేయించిన ఆయన యంత్రం పేరు క్రెస్కోగ్రాఫ్. మొక్క కొనకు కట్టిన దారం మొదటి మీట పొట్టి చివరను లాగుతుంది. దాని పొడవాటి చివర రెండో మీటను కదుపుతుంది. ఒక్కొక్కటి వంద రెట్లు పెంచితే, రెండూ కలిసి పదివేల రెట్లు. మన మొక్క ఎదుగుదల ఇప్పుడు సెకనుకు దాదాపు 3 మిల్లీమీటర్లుగా కనిపిస్తుంది.

నా దృష్టిలో అసలు తెలివి ఈ రెట్లలో లేదు. అంత తేలికైన ముల్లు కాగితం మీద గీత గీయబోతే ఆ రాపిడికే ఆగిపోతుంది. అందుకని బోస్ ముల్లు చేత గీయించలేదు. గడియారపు యంత్రంతో జరిగే మసి పూసిన గాజు పలకనే ముల్లు దగ్గరికి తెచ్చి, లిప్తకాలం తాకించి, వెనక్కి తీశాడు. తాకిన చోటల్లా ఒక చుక్క. చుక్కల మధ్య ఎడం పెరిగితే మొక్క జోరందుకున్నట్టు, తగ్గితే మందగించినట్టు. చలి తగిలితే ఎడం తగ్గడం, కాండాన్ని ముట్టుకుంటే ఎదుగుదల కాసేపు మందగించడం ఆ పలక మీద నిమిషాల్లో తేలిపోయాయి.

ఆ దారాన్ని లాగుతున్నది ఏమిటి? కాండం కొనలో కణాలు విభజన చెందుతూ ఉంటాయి. అయితే పొడవు ఎక్కువగా వచ్చేది ఆ తర్వాత, కొనకు కాస్త దిగువన. అక్కడ కొత్త కణాలు నీరు పీల్చుకుని, మెత్తబడిన గోడల్ని లోపలి ఒత్తిడితో సాగదీస్తాయి. ఆ గోడల్ని సాగేలా చేసే ఆక్సిన్ అనే హార్మోనును ఫ్రిట్స్ వెంట్ ఓట్స్ మొలకల నుంచి రాబట్టింది 1920ల్లో. బోస్ మాత్రం మొక్కలో నాడీ స్పందనల్ని వెతికాడు. ఆ వ్యాఖ్యానాల్లో కొన్ని అతిగా సాగాయనే అనాలి. చుక్కల సంగతి వేరు.

అయస్కాంతాన్ని కలిపి బోస్ చేసిన క్రెస్కోగ్రాఫ్ తర్వాతి నమూనా, కదలికను పది లక్షల రెట్లకు మించి పెంచేది. అది చూపేది నిజంగా ఎదుగుదలేనా అని లండన్‌లో శరీరధర్మ శాస్త్రవేత్త అగస్టస్ వాలర్ సందేహించాడు. 1920 ఏప్రిల్‌లో యూనివర్సిటీ కాలేజీలో బోస్ ప్రదర్శన ఇచ్చాడు. చూసినవాళ్లలో లార్డ్ రేలీ వంటి కొందరు యంత్రం సరిగానే కొలుస్తోందని టైమ్స్ పత్రికకు రాశారు. అదే ఏడాది బోస్ రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు.

ఇంతా చేసి కొనకు కట్టిన ఆ దారం మాను లావెక్కడం గురించి ఏమీ చెప్పదు. ఆ పని కొనది కాదు, బెరడు కింద సన్నటి పొరగా ఉండే కేంబియానిది. అది లోపలికి దారువును, బయటికి పోషక కణజాలాన్ని పేరుస్తుంది. మధ్యలో పాతబడిన దారువే టేకులో మనం చేవ అనేది. మానుకు కొట్టిన మేకు ఏళ్లు గడిచినా అదే ఎత్తులో ఉండి, క్రమంగా కొయ్యలో పూడుకుపోయేది ఇందుకే. ఈ లావును నమోదు చేయడానికి అమెరికాలో మెక్‌డూగల్ అనే వృక్షశాస్త్రవేత్త మాను చుట్టూ చట్రం బిగించి, డెండ్రోగ్రాఫ్ అనే మరో యంత్రం తయారుచేశాడు. అందులో ఎదుగుదలతో పాటు ఇంకొకటి కనిపించింది: పగలు ఆకులు నీటిని లాగేస్తుంటే మాను కొద్దిగా సన్నబడుతుంది, రాత్రికి మళ్లీ ఉబ్బుతుంది.

తాటికీ కొబ్బరికీ ఇలాంటి కేంబియం లేదు. అందుకే కొబ్బరి మొక్క మొదటి కొన్నేళ్లు నేల దగ్గరే ఉండి మొదలును వెడల్పు చేసుకుంటుంది. మాను పైకి లేవడం ఆ తర్వాతే.