పాత మందు తుపాకిని గుర్తించుట ఎట్లు?

వంశ స్మృతిగా ఇంటిలో దాచుకొన్న వస్తువులను మన దేవాలయ ప్రదర్శనకు ఇచ్చువారిలో కొందరు పాత తుపాకులను కూడ తెచ్చెదమని అడుగుచున్నారు. "మా ముత్తాత తోటకు వచ్చినప్పుడు వెంట తెచ్చినది" అని ఒకరు, "బొబ్బిలి యుద్ధము నాటిది" అని మరొకరు చెప్పుదురు. పెద్దల మాటను గౌరవింతుము. కాని ఇనుముపై కొట్టిన ముద్ర వేరొక సంగతి చెప్పవచ్చును. మనము నేడు చీటీపై వ్రాయు మాటనే రేపు మన పిల్లలు చరిత్రగా చదువుదురు. కావున అమెరికాలో నివసించు మనము ఇట్టి తుపాకిని ఎట్లు పరీక్షించవలెనో ఇక్కడ వివరించుచున్నాము.

మందు అను మాట

మందు అనగా ఔషధము మాత్రమే కాదు, పేలుడు పొడి కూడ. పాత తుపాకులలో వాడిన నల్లని పొడిని తెలుగులో తుపాకిమందు అందుము. నల్లగా ఉన్నది కదా అని దానిని "నల్లమందు" అనరాదు. ఆ మాటకు ఓపియం అని అర్థము. ఈ పొడిలో నూటికి సుమారు 75 పాళ్లు సురేకారము, 15 పాళ్లు బొగ్గు, 10 పాళ్లు గంధకము ఉండును. సురేకారమునకే పెట్లుప్పు అని మరొక పేరు. 1861లో అమెరికా అంతర్యుద్ధము ఆరంభమైనప్పుడు డెలావేర్ రాష్ట్రములోని డ్యూపాంట్ మందు మిల్లుల వారు ఇంగ్లండుకు తమ మనిషిని పంపి, భారతదేశము నుండి అక్కడికి చేరిన సురేకారమును కొనిరి. ఆ మిల్లుల స్థలము నేడు విల్మింగ్టన్ వద్ద హాగ్లీ మ్యూజియముగా ఉన్నది; చూడదగిన చోటు.

ముందు ప్రాణము, తరువాత చరిత్ర

పొడిగా ఉన్నంత కాలము ఈ మందు నూరేండ్లు గడచినను చావదు. 2008లో వర్జీనియాలో ఒక సేకర్త అంతర్యుద్ధము నాటి ఫిరంగి గుండును శుభ్రము చేయుచుండగా అది పేలి మరణించెను. గోడకు వ్రేలాడు తుపాకిలో కూడ పాత మందు, గుండు మిగిలి ఉండవచ్చును.

పరీక్ష సులభము. తుపాకి మూతికి ఎదురుగా ఎవరును నిలువరాదు. సన్నని కొయ్య పుల్లను గొట్టము లోనికి అడుగు తగులు వరకు మెల్లగా దింపి, మూతి వద్ద పుల్లపై గీత పెట్టవలెను. తరువాత పుల్లను తీసి, ఆ గీత మూతికి సరిపోవునట్లు గొట్టము ప్రక్కన ఆనించవలెను. పుల్ల కొన నిప్పు రంధ్రము దాపునకు చేరినచో గొట్టము ఖాళీగా ఉండవచ్చును. కొన్ని అంగుళములు తగ్గినచో లోపల ఏదో ఉన్నట్లే. అప్పుడు పొడుచుట, వేడి చేయుట, తొలచుట చేయరాదు. తుపాకులు బాగుచేయు అనుభవజ్ఞుని పిలువవలెను. పుల్ల కొన సరిగా చేరినను, అట్టి వాడు చూచి చెప్పు వరకు తుపాకి నిండి ఉన్నదనియే భావింపుడు.

నిప్పు పుట్టు విధము

తరువాత మీటకు పైన, ప్రక్కనున్న యంత్రమును చూడుడు. చెకుముకిరాయిని పట్టుకొను కొక్కెము, దాని ఎదుట ఉక్కు రేకు ఉన్నచో అది చెకుముకి తుపాకి. అట్లు కాక చిన్న సుత్తి, దాని క్రింద చనుమొన వంటి గొట్టము ఉన్నచో అది టోపీ తుపాకి. ఆ మొనపై చిన్న రాగి టోపీ తొడిగి సుత్తితో కొట్టుదురు. దీపావళి నాడు పిల్లలు పేల్చు కేపుల వంటిదే. బ్రిటిషు సైన్యమునకు ఈ పద్ధతి 1840 ప్రాంతమున వచ్చెను. బొబ్బిలి యుద్ధము జరిగినది 1757లో. కావున టోపీ తుపాకి ఆ రూపములో బొబ్బిలిని చూచినది కాజాలదు.

ముద్రలు, కొలతలు

ఈస్టిండియా కంపెనీ తుపాకులపై హృదయాకారపు ముద్ర కనబడును. దానిని నాలుగు భాగములు చేసి వీ, ఈ, ఐ, సీ అను ఆంగ్లాక్షరములు ఉంచిరి. 1808 ప్రాంతము నుండి దాని బదులు వెనుకకాళ్లపై నిలిచిన సింహపు ముద్ర వచ్చెను. బ్రౌన్ బెస్ అను చెకుముకి తుపాకికి మొదట 46 అంగుళముల గొట్టము, తరువాత 42, కంపెనీ వారి ఇండియా నమూనాకు 39 ఉండెను. 1853 నాటి ఎన్ఫీల్డు టోపీ తుపాకికి కూడ గొట్టము 39 అంగుళములే. కావున కొలత ఒక్కటే చాలదు. యంత్రము, ముద్ర, కొలత మూడును కలిపి చూడవలెను. ముద్రలకు నకిలీలు కూడ కలవు. అక్షరములు తలక్రిందులుగానో వంకరగానో ఉన్నచో సందేహింపవలెను.

దేవనాగరి అంకెలు ఉన్నచో మన పూర్వికుల పేర్లని తొందరపడకుడు. 2003లో అమెరికా వర్తకులు కాఠ్మండులోని లగన్ సిలేఖానా అను పాత ఆయుధశాల నుండి వేలకొలది తుపాకులను కొని తెచ్చిరి. ఇచ్చట దొరకు అనేక తుపాకులు ఆ నేపాళ సైన్యపువే.

ముత్తాత తెచ్చినదేనా?

భారతదేశములో 1878 ఆయుధ చట్టము ప్రకారము సామాన్యులు లైసెన్సు లేక తుపాకి ఉంచుకొనరాదు. ఫిజీకి మద్రాసు మీదుగా మనవారు ఓడలెక్కుట 1903లో మొదలైనది. గిర్మిట్ కూలి తన మూటలో తుపాకి తెచ్చెనని నమ్ముటకు గట్టి ఆధారము కావలెను. తాతగారు అమెరికా వచ్చిన తరువాత కొన్నదైనచో అందులో చిన్నతనము ఏమియు లేదు.

చట్టము, సంరక్షణ

1968 నాటి సమాఖ్య తుపాకి చట్టము 1898లో గాని అంతకు ముందు గాని తయారైన దానిని పురాతనమైనదిగా గణించును. రాష్ట్రముల నిబంధనలు వేరు. తెచ్చుటకు ముందే మీ ఊరి పోలీసులను విచారింపుడు. ఉక్కు పీచుతో తోమకుడు. తుప్పుతో పాటు ముద్రయు పోవును. మెత్తని గుడ్డ, కొద్దిగా నూనె చాలును. రెండు ప్రక్కలను, ప్రతి ముద్రను, కొలబద్దను ప్రక్కనుంచి ఫోటో తీయుడు. మొదట ఆ ఫోటోలనే మాకు పంపుడు, తుపాకిని తేవలదు.

చీటీపై రెండు పంక్తులు వ్రాయుదము. మొదటి దానిలో వస్తువు చెప్పునది: "ఈస్టిండియా కంపెనీ చెకుముకి తుపాకి, సింహపు ముద్ర, 1808 ప్రాంతము లేక తరువాతిది." రెండవ దానిలో "ఇంటివారు చెప్పునది" అని కుటుంబ కథ. రెండింటిని కలుపకుండ వ్రాసినచో పెద్దల మాటయు నిలుచును, సత్యమును నిలుచును.