ఖోర్గోస్: సరిహద్దు చెక్‌పోస్టు వాణిజ్య కూడలిగా ఎలా మారింది?

ఏ సముద్ర తీరానికి చేరాలన్నా 2 వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణించాల్సిన చోట ఒక ‘రేవు’ పనిచేస్తోంది. అక్కడ ఓడలు లేవు, అలలు లేవు. రైళ్లు, లారీలు, కంటైనర్లను ఎత్తే భారీ క్రేన్లు మాత్రం ఉన్నాయి. చైనా పశ్చిమ సరిహద్దులో, కజకిస్థాన్‌ను ఆనుకొని ఉన్న ఖోర్గోస్ నగరం కథ ఇది. 2014 వరకు చైనా పటంలో నగరంగానే లేని ఈ ప్రాంతం మీదుగా ఇప్పుడు చైనా, మధ్య ఆసియా, ఐరోపాల మధ్య రోజుకు సగటున సుమారు 20 గూడ్సు రైళ్లు రాకపోకలు సాగిస్తున్నాయి. లక్షకు మించని జనాభా గల ఈ ఊరు ఖండాంతర వాణిజ్యానికి ప్రధాన ద్వారాల్లో ఒకటిగా ఎదిగింది. ఈ ఎదుగుదల ఎలా సాధ్యమైంది? అది ఎంతవరకు నిలకడైనది? పొరుగు దేశాలతో భూ సరిహద్దు వాణిజ్యాన్ని పెంచుకోవాలనుకుంటున్న భారత్‌కు ఈ అనుభవం ఏం చెబుతోంది?

నది ఒకటే, దేశాలు రెండు

ఖోర్గోస్ అనేది నిజానికి ఒక నది పేరు. యీలీ నదికి ఇది ఉపనది. రష్యా జార్ ప్రభుత్వానికి, చైనాను పాలించిన చింగ్ వంశానికి మధ్య 1881లో కుదిరిన సెయింట్ పీటర్స్‌బర్గ్ ఒప్పందంతో ఈ నది రెండు సామ్రాజ్యాలకు సరిహద్దు అయింది. అంతకు ఎన్నో శతాబ్దాల ముందు నుంచే యీలీ లోయ మీదుగా వర్తక బిడారులు తిరిగేవి. నదికి ఇరువైపులా కజక్, ఉయ్‌ఘర్ కుటుంబాలు బంధుత్వాలతో ముడిపడి ఉండేవి.

ఇరవయ్యో శతాబ్దపు రాజకీయాలు ఈ దారిని మూసివేశాయి. చైనా, సోవియట్ యూనియన్ కమ్యూనిస్టు పార్టీల మధ్య విభేదాలు ముదిరిన దశలో, 1962లో యీలీ, తాచెంగ్ ప్రాంతాల నుంచి దాదాపు 60 వేల మంది సరిహద్దు దాటి సోవియట్ భూభాగంలోకి వెళ్లిపోయారు. ఆ తరువాత రెండు దశాబ్దాల పాటు ఇక్కడ సైనికుల పహరాయే తప్ప వర్తకం లేదు. 1983లో చెక్‌పోస్టు తిరిగి తెరుచుకుంది. 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమై కజకిస్థాన్ స్వతంత్ర దేశమైన తరువాత చిల్లర వర్తకులు సంచులు, మూటలతో రాకపోకలు సాగించసాగారు. అప్పటికి చైనా, కజకిస్థాన్‌ల మధ్య ఉన్న ఏకైక రైలు మార్గం ఖోర్గోస్‌కు ఉత్తరాన ఉన్న అలషాన్‌కౌ మీదుగా వెళ్లేది. ఖోర్గోస్ మాత్రం లారీలు ఆగే మారుమూల మజిలీగానే మిగిలిపోయింది.

ప్రభుత్వ నిర్ణయాలే పునాది

ఈ నగరం ఖనిజాల వల్లనో, పెద్ద పరిశ్రమ వల్లనో పెరగలేదు. ఒకదాని వెంట ఒకటిగా వెలువడిన ప్రభుత్వ నిర్ణయాలు దీన్ని నిర్మించాయి. తుర్క్‌మెనిస్థాన్ నుంచి ఉజ్బెకిస్థాన్, కజకిస్థాన్‌ల మీదుగా వచ్చే సహజవాయు పైపులైను 2009 డిసెంబరులో ప్రారంభమైంది. అది చైనాలోకి ప్రవేశించేది ఖోర్గోస్ వద్దనే. అదే సమయంలో చైనా తన రైలు మార్గాన్ని యీలీ లోయ గుండా సరిహద్దు దాకా పొడిగించింది. కజకిస్థాన్ తన వైపు జెటిగెన్ నుంచి 293 కిలోమీటర్ల కొత్త మార్గం వేసింది. 2011 డిసెంబరులో రెండు దేశాల రైలు మార్గాలు సరిహద్దు వద్ద కలిశాయి. మరుసటి ఏడాది చివర సరకు రవాణా మొదలైంది.

2010లో చైనా కేంద్ర ప్రభుత్వం షింజియాంగ్‌లోని కాష్గర్, ఖోర్గోస్‌లను ప్రత్యేక ఆర్థికాభివృద్ధి ప్రాంతాలుగా ప్రకటించింది. నిర్దేశించిన రంగాల్లో ఇక్కడ కొత్తగా నెలకొల్పే సంస్థలకు ఐదేళ్ల పాటు ఆదాయపు పన్ను నుంచి పూర్తి మినహాయింపు ఇచ్చింది. 2013 సెప్టెంబరులో చైనా అధ్యక్షుడు షీ జిన్‌పింగ్ కజకిస్థాన్ రాజధాని అస్తానాలోని నజర్‌బయేవ్ విశ్వవిద్యాలయంలో ప్రసంగిస్తూ ‘సిల్క్ రోడ్ ఆర్థిక మండలం’ ఆలోచనను వెల్లడించారు. నేటి ‘బెల్ట్ అండ్ రోడ్’ పథకానికి అదే తొలి అడుగు. మరుసటి ఏడాది, 2014లో, చుట్టుపక్కల ప్రాంతాలను కలిపి సుమారు 1,900 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంతో ఖోర్గోస్‌ను నగరంగా ఏర్పాటు చేశారు. తూర్పు తీరంలోని లియన్‌యున్‌గాంగ్ ఓడరేవు నుంచి 4 వేల కిలోమీటర్లకు పైగా సాగే ఎక్స్‌ప్రెస్ రహదారి ఇక్కడే ముగుస్తుంది. అక్కడి నుంచి అది కజకిస్థాన్, రష్యాల మీదుగా పశ్చిమానికి వెళ్లే రహదారితో కలుస్తుంది.

అరచేతి వెడల్పు తేడా

ఖోర్గోస్‌కు ఇంత ప్రాధాన్యం రావడానికి అసలు కారణం తెలియాలంటే రైలు పట్టాల వైపు చూడాలి. చైనాలో పట్టాల మధ్య దూరం 1,435 మిల్లీమీటర్లు. కజకిస్థాన్, రష్యా తదితర పూర్వపు సోవియట్ దేశాల్లో అది 1,520 మిల్లీమీటర్లు. తేడా 85 మిల్లీమీటర్లు, అంటే దాదాపు ఒక అరచేతి వెడల్పు. ఆ కొద్దిపాటి తేడా వల్ల ఒక దేశపు వ్యాగన్ మరో దేశపు పట్టాలపై నడవలేదు. మన దేశంలోనూ ఒకప్పుడు గుంతకల్లు వంటి జంక్షన్లలో మీటర్‌గేజ్ నుంచి బ్రాడ్‌గేజ్‌కు సరకు మార్చాల్సి వచ్చేది. 1992లో చేపట్టిన యూనిగేజ్ పథకం తరువాత ఆ అవసరం క్రమంగా తీరిపోయింది. ఖోర్గోస్ వద్ద మాత్రం ఆ అవసరమే ఉపాధి మార్గమైంది.

ఇక్కడ రెండు గేజ్‌ల పట్టాలు పక్కపక్కనే ఉంటాయి. చైనా నుంచి వచ్చిన రైలు సరిహద్దు దాటి కజకిస్థాన్ వైపు ఉన్న డ్రైపోర్టుకు చేరుతుంది. పైనున్న క్రేన్లు కంటైనర్లను ఒక్కొక్కటిగా ఎత్తి, పక్కన నిలిపిన వెడల్పాటి గేజ్ వ్యాగన్లపై ఉంచుతాయి. ఐరోపా నుంచి వచ్చే సరకును చైనా వైపు స్టేషన్‌లో ఇదే పద్ధతిలో మారుస్తారు. కంటైనర్ లోపలి సరకును ముట్టుకోవాల్సిన పని ఉండదు. కస్టమ్స్ పత్రాల పరిశీలన పూర్తయితే రైలు పశ్చిమానికి సాగిపోతుంది. బెలారస్, పోలండ్ సరిహద్దులో మళ్లీ ఒకసారి గేజ్ మారుతుంది. ఓడలో నెలకు పైగా పట్టే ప్రయాణం ఇలా రెండు మూడు వారాల్లో ముగుస్తుంది. ఖర్చు ఓడ కంటే ఎక్కువ, విమానం కంటే చాలా తక్కువ. ఎలక్ట్రానిక్ వస్తువులు, వాహన విడిభాగాల వంటి ఖరీదైన సరకులకు ఈ మార్గం అనుకూలం.

‘ఖోర్గోస్ గేట్‌వే’ పేరుతో కజకిస్థాన్ నిర్మించిన ఈ డ్రైపోర్టు 2015లో పని ప్రారంభించింది. తొలి దశలో దుబాయ్‌కి చెందిన డీపీ వరల్డ్ సంస్థ దీని నిర్వహణలో పాలుపంచుకుంది. 2017లో చైనా నౌకాయాన సంస్థ కాస్కో, లియన్‌యున్‌గాంగ్ ఓడరేవు సంస్థ కలిసి 49 శాతం వాటా పొందాయి. 2022 నుంచి ఏటా 7 వేలకు పైగా చైనా-ఐరోపా గూడ్సు రైళ్లు ఖోర్గోస్ మీదుగా వెళ్తున్నాయి.

పాస్‌పోర్టు ఉంటే చాలు

సామాన్యులకు కనిపించే ఖోర్గోస్ వేరు. సరిహద్దు రేఖకు ఇరువైపులా 5.28 చదరపు కిలోమీటర్లలో విస్తరించిన ‘అంతర్జాతీయ సరిహద్దు సహకార కేంద్రం’ 2012లో ప్రారంభమైంది. ఇందులో 3.43 చదరపు కిలోమీటర్లు చైనా వైపు, మిగిలినది కజకిస్థాన్ వైపు ఉన్నాయి. పాస్‌పోర్టు ఉన్నవారు వీసా లేకుండా 30 రోజుల వరకు ఇక్కడ ఉండవచ్చు. కొనుగోళ్లపై నిర్ణీత పరిమితి వరకు సుంకం ఉండదు. చైనా పౌరులకు ఈ పరిమితి రోజుకు 8 వేల యువాన్లు. ఆల్మటీ నుంచి వచ్చే చిల్లర వర్తకులు దుప్పట్లు, బూట్లు, గృహోపకరణాలు కొని సొంత ఊళ్లలో అమ్ముకుంటారు. 2023 నవంబరులో రెండు దేశాల పౌరులకు పరస్పర వీసా మినహాయింపు అమల్లోకి రావడంతో రాకపోకలు మరింత పెరిగాయి.

అయితే ఈ కేంద్రమే రెండు దేశాల మధ్య అసమానతకు అద్దం పడుతోంది. చైనా వైపు బహుళ అంతస్తుల వాణిజ్య సముదాయాలు వెలిశాయి. కజకిస్థాన్ వైపు చాలా స్థలం ఏళ్ల తరబడి ఖాళీగానే ఉండిపోయింది. అమ్మేది ప్రధానంగా ఒక వైపు, కొనేది మరో వైపు అన్న పరిస్థితి నెలకొంది. అవినీతి సమస్యా తోడైంది. 2011లో బయటపడిన భారీ స్మగ్లింగ్ కేసులో కజకిస్థాన్ కస్టమ్స్ అధికారులు పలువురు శిక్షలు అనుభవించారు.

అంకెల వెనుక అసలు చిత్రం

ఖోర్గోస్ ఎదుగుదలలో ఎంత భాగం నిజమైన వ్యాపారం, ఎంత భాగం రాయితీల ఫలితం అన్న ప్రశ్న మొదటి నుంచీ ఉంది. పన్ను మినహాయింపు ప్రకటించిన తరువాత వేల కంపెనీలు ఇక్కడ రిజిస్టర్ అయ్యాయి. వాటిలో సినిమా, టెలివిజన్ నిర్మాణ సంస్థలు పెద్ద సంఖ్యలో ఉండటం విశేషం. వాటిలో అనేకం చిరునామాకే పరిమితం. 2018లో నటి ఫాన్ బింగ్‌బింగ్ పన్ను ఎగవేత వ్యవహారం వెలుగుచూసి ప్రభుత్వం తనిఖీలు ముమ్మరం చేయడంతో అనేక సంస్థలు ఇక్కడి రిజిస్ట్రేషన్లు రద్దు చేసుకున్నాయి. రైళ్ల విషయంలోనూ ఇలాంటి స్థితే కనిపించింది. చైనాలోని స్థానిక ప్రభుత్వాలు పోటీపడి ఇచ్చిన రవాణా రాయితీల వల్ల తొలి ఏళ్లలో ఖాళీ కంటైనర్లతో రైళ్లు నడిపిన సందర్భాలూ ఉన్నాయి. దాంతో ఈ రాయితీలను దశలవారీగా తగ్గించాలని కేంద్ర ప్రభుత్వం నిర్దేశించింది.

మరో పార్శ్వం మరింత తీవ్రమైనది. ఖోర్గోస్ ఉన్న షింజియాంగ్‌లో ఉయ్‌ఘర్, కజక్ తదితర ముస్లిం మైనారిటీల సామూహిక నిర్బంధంపై ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల కార్యాలయం 2022 ఆగస్టులో నివేదిక వెలువరించింది. అక్కడి చర్యలు మానవాళికి వ్యతిరేకమైన నేరాలు కావచ్చని పేర్కొంది. అవి వృత్తి శిక్షణ కేంద్రాలేనంటూ చైనా ఆ ఆరోపణలను తోసిపుచ్చింది. బలవంతపు శ్రమతో తయారైన వస్తువులను అడ్డుకునేందుకు అమెరికా చేసిన చట్టం 2022 జూన్ నుంచి అమలవుతోంది. సరకుకు సరిహద్దు తెరుచుకున్న కాలంలోనే అవతలి గట్టున ఉన్న బంధువుల జాడ తెలియక కజకిస్థాన్‌లో ఎన్నో కుటుంబాలు ఆందోళన చెందాయి.

దారి ఎవరి చేతుల్లో ఉంది?

మార్గం మీద ఉన్న ప్రతి దేశమూ తలుపు మూయగలదు. కొవిడ్ కాలంలో చైనా విధించిన ఆంక్షలతో ఖోర్గోస్ వద్ద లారీలు రోజుల తరబడి బారులు తీరాయి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా మీదుగా సరకు పంపేందుకు ఐరోపా సంస్థలు వెనుకాడాయి. 2025 సెప్టెంబరులో సైనిక విన్యాసాల నేపథ్యంలో పోలండ్ తన బెలారస్ సరిహద్దును దాదాపు రెండు వారాల పాటు మూసివేయడంతో ఈ రైళ్లు నిలిచిపోయాయి. కాస్పియన్ సముద్రం, అజర్‌బైజాన్, జార్జియాల మీదుగా ప్రత్యామ్నాయ మార్గానికి ఇప్పుడు ఆదరణ పెరుగుతోంది. ఆ మార్గానికి కూడా చైనా వైపు ద్వారాల్లో ఖోర్గోస్ ఒకటి కావడం ఆ నగరానికి కలిసొచ్చే అంశం. చైనా-కిర్గిజిస్థాన్-ఉజ్బెకిస్థాన్ రైలు మార్గ నిర్మాణానికి 2024 డిసెంబరులో శ్రీకారం చుట్టడంతో భవిష్యత్తులో పోటీ తప్పదు.

భారత్‌కు పాఠం

చైనా-పాకిస్థాన్ ఆర్థిక నడవా పాకిస్థాన్ ఆక్రమిత కశ్మీర్ మీదుగా సాగుతున్నందున భారత్ ‘బెల్ట్ అండ్ రోడ్’ పథకంలో చేరలేదు. మధ్య ఆసియాకు చేరేందుకు ఇరాన్‌లోని చాబహార్ రేవు, 2000 సంవత్సరంలో ఇరాన్, రష్యాలతో ఒప్పందం చేసుకున్న ఉత్తర-దక్షిణ రవాణా నడవాలపై ఆశలు పెట్టుకుంది. సొంత సరిహద్దుల్లో సమీకృత చెక్‌పోస్టుల నిర్మాణానికి 2012లో భూ రేవుల ప్రాధికార సంస్థను నెలకొల్పింది. అట్టారీ, పెట్రాపోల్ వద్ద గోదాములు, తనిఖీ కేంద్రాలు, లారీల నిలుపుదల స్థలాలు సిద్ధమయ్యాయి.

అయినా ఫలితం రాజకీయాలపైనే ఆధారపడి ఉంది. పుల్వామా దాడి తరువాత 2019లో పాకిస్థాన్ సరకుపై భారత్ 200 శాతం సుంకం విధించింది. పహల్గాం దాడి తరువాత 2025 ఏప్రిల్‌లో అట్టారీ చెక్‌పోస్టును మూసివేసింది. అదే ఏడాది మే నెలలో బంగ్లాదేశ్ దుస్తుల దిగుమతులను భూమార్గం ద్వారా అనుమతించబోమని ప్రకటించింది. చైనాతో నాథులా, లిపులేఖ్, షిప్‌కిలా కనుమల మీదుగా సాగే వర్తకం 2020లో ఆగిపోయింది. దాన్ని పునరుద్ధరించేందుకు రెండు దేశాలు 2025 ఆగస్టులో అంగీకరించాయి. దేశ భద్రత దృష్ట్యా తీసుకున్న నిర్ణయాలకు వాటి కారణాలు వాటికున్నాయి. కానీ ఆ నిర్ణయాల భారం ముందుగా పడేది సరిహద్దు ఊళ్లలోని హమాలీలు, లారీ డ్రైవర్లు, చిన్న వర్తకులపైనే.

భారత్, పాకిస్థాన్ ప్రధాన రైలు మార్గాల గేజ్ ఒకటే, 1,676 మిల్లీమీటర్లు. అట్టారీ వద్ద వ్యాగన్ మార్చాల్సిన అవసరమే లేదు. అయినా అక్కడ పట్టాలపై సరకు కదలడం లేదు. ఖోర్గోస్ వద్ద పట్టాలు కలవవు, అయినా రైళ్లు ఆగడం లేదు. గేజ్ తేడాను క్రేన్లు తీర్చగలవు. రెండు ప్రభుత్వాలు ఏళ్ల తరబడి ఒకే మాట మీద నిలబడటం అంతకంటే కష్టమైన పని. ఖోర్గోస్ ఇంతకాలం పెరిగింది దాని వల్లే. రేపు అక్కడి పనివారి జీతాలు నిలిచేదీ, ఆగేదీ దాని మీదే ఆధారపడి ఉంది.