మేనికి అత్తరు: మేలు, మెలకువ

దేహానికి సుగంధం పూయడం దినచర్యలో భాగమని చరకసంహిత చెబుతోంది. హార్సిలీహిల్స్ నీలగిరి చెట్ల గాలి సోకే బి.కొత్తకోటలో, వేసవిలో మూడు అత్తర్లను రోజుకొకటిగా మణికట్టుకు పూసి పరిశీలించాను.

మల్లె పూయగానే గుప్పుమని, మధ్యాహ్నపు చెమటకు వెగటైంది. వట్టివేరు తొలుత మట్టివాసనగా తోచి, మేనివేడికి క్రమంగా చల్లని పరిమళమైంది. చందనం మెల్లగా మొదలై సాయంకాలం దాకా నిలిచింది. కన్నౌజ్‌లో సంప్రదాయంగా పూల ఆవిరిని చందనతైలంలోకి పట్టేది ఈ నిలకడ కోసమే.

అయితే సహజమైనదంతా నిరపాయం కాదు. ఒక చుక్కను చెంచాడు కొబ్బరినూనెలో కలిపి, మోచేతి మడతలో పూసి రెండు రోజులు గమనించండి. దురద, ఎరుపు కనిపిస్తే సబ్బుతో కడిగి మానివేయండి. నిమ్మతైలం పూసుకొని ఎండలోకి వెళ్లరాదు. నీలగిరితైలాన్ని పసిపిల్లల ముఖానికి, ముక్కుకు తాకనీయరాదు; శ్వాసకు ప్రమాదం.