ఠగ్ నుంచి థగ్ దాకా

ఫలానా రోజున ఫలానా నేరం చేశాడని కాదు, ఫలానా రకం మనిషని రుజువైతే చాలు, యావజ్జీవం వేయగల సెక్షన్లు రెండు మన శిక్షాస్మృతిలో మొన్నమొన్నటి దాకా ఉండేవి. 310, 311. హత్య చేసి దోచుకోవడానికో, హత్య చేసి పిల్లల్ని ఎత్తుకుపోవడానికో ఇతరులతో అలవాటుగా జట్టుకట్టేవాడు థగ్గు అని మొదటిది చెప్పేది. థగ్గయినవాడికి యావజ్జీవ ఖైదు, పైన జరిమానా అని రెండోది. 1860 నాటి ఆ రెండూ 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకి రావడంతో పోయాయి. కొత్త పుస్తకంలో 310 అంటే బందిపోటు దోపిడీ.

హత్యకి వాడే 302 ఏమైంది, మోసానికి వాడే 420 ఎక్కడికి పోయింది అని చిత్తూరు బార్ రూములో కొన్నాళ్లు ఒకటే గోల. థగ్గు సెక్షన్ల వైపు మాత్రం ఎవరూ కన్నెత్తి చూడలేదు. “ఆ సెక్షను కింద కేసు ఎప్పుడైనా చూశారా సార్?” అని మా జూనియరు అడిగాడు. నేను చూళ్లేదు, మా సీనియరు గారూ చూసినట్టు చెప్పలేదు. అయినా ఈ మాట చరిత్ర గురించి నాలుగు ముక్కలు చెప్పే హక్కు చిత్తూరు వకీలుకి ఉందనుకుంటాను. ఎందుకంటే ఈ దొంగల గురించి ఇంగ్లీషులో వచ్చిన తొలి వివరమైన వ్యాసానికి సరుకు మా వైపు నుంచే వెళ్లింది.

ఆ వ్యాసం రాసినాయన రిచర్డ్ షెర్వుడ్, మద్రాసు సెంట్ జార్జి కోటలో డాక్టరు. 1816లో మద్రాసు పత్రికలో అచ్చయింది, 1820లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ వాళ్లు మళ్లీ వేశారు. అందులో థగ్గు అసలు పేరు కాదు. దక్షిణాదిన వాళ్లని ఫాన్సీగర్లనేవాళ్లు. ఫాన్సీ అంటే ఉరి. కన్నడంలో తంతి కళ్లరు. మన తెలుగువాళ్లు ఏమంటారో కూడా షెర్వుడ్ వచ్చీరాని స్పెల్లింగులో రాసుకున్నాడు, కూడబలుక్కుని చదివితే “ఉరులు వేసే వాండ్లు” అని తేలుతుంది. ముఠాలు ఆర్కాటు, చిత్తూరు ప్రాంతపు పాళెగాళ్ల నీడన కాపురాలు పెట్టుకుని, పంటల పని లేని రోజుల్లో దూరదేశం పోయి పని చూసుకుని వచ్చేవి. తిరువాన్కూరు దాకా వెళ్లి దోచుకుని మూటలతో తిరిగొస్తున్న ఒక ముఠా 1807లో చిత్తూరుకీ ఆర్కాటుకీ మధ్య దొరికిపోయింది.

ఠగ్ అన్న మాట ఉత్తరాదిది. సంస్కృతంలో స్థగ్ అంటే కప్పిపెట్టడం, దాచడం. స్థగుడు అంటే వంచకుడు. ప్రాకృతం మీదుగా హిందీకొచ్చి ఠగ్ అయింది. అర్థం మోసగాడు, అంతే. చంపడం, గొంతు నులమడం ఆ మాటలో లేవు. 13వ శతాబ్దం చివర జలాలుద్దీన్ ఖిల్జీ ఢిల్లీలో వెయ్యి మంది ఠగ్గుల్ని పట్టుకుని, చంపించకుండా పడవలెక్కించి బెంగాలు వైపు తోలేశాడని చరిత్రకారుడు బరనీ రాశాడు. ఆ రాతలో వాళ్ల చేతుల్లో గొంతు బిగించే రుమాళ్లు కనపడవు.

రుమాలు బయటపడింది 1810 ప్రాంతంలో. ఈస్టిండియా కంపెనీ సిపాయిలు సెలవు పెట్టి, కూడబెట్టిన జీతం నడుముకి కట్టుకుని సొంతూరికి బయల్దేరేవాళ్లు. ఊరు చేరేవాళ్లు కాదు. ఇటావా జిల్లాలో బావుల్లో శవాలు తేలుతుండేవి. మేజర్ జనరల్ సెంట్ లెజర్ ఒక ఉత్తర్వు తీశాడు: దారిలో పరిచయమైనవాళ్లని నమ్మొద్దు, తెల్లవారకముందే నడక మొదలెట్టొద్దు, నగదు బదులు హుండీ చీటీలు తీసుకెళ్లండి అని. ఇవాళ బ్యాంకులు మన ఫోన్లకి పంపే హెచ్చరికలకి ఈ ఉత్తర్వు ముత్తాత అనొచ్చు.

ఇక విలియం స్లీమన్. ఈ మాటని ప్రపంచానికి ఎగుమతి చేసింది ఆయనే. ఇంగ్లండులో కార్న్‌వాల్ వాడు, నర్మద లోయలోని నర్సింగ్‌పూరులోనూ ఆ తర్వాత జబల్‌పూరులోనూ అధికారి. దొరికిన ముఠా సభ్యుల్ని అప్రూవర్లుగా మార్చి, వాళ్ల నోటి నుంచి మిగతావాళ్ల పేర్లు రాబట్టాడు. వాళ్ల రహస్య భాష రామసీకి నిఘంటువు కూడా కట్టి 1836లో కలకత్తాలో అచ్చు వేయించాడు. పోలీసు అధికారి నిఘంటువు రాయడం నాకు ఎప్పుడూ వింతే. కానీ అందులో ఒక్కో మాటా ఒక్కో సాక్ష్యం.

బాటసారిని వాళ్లు బనిజ్ అనేవాళ్లు, అంటే వర్తకపు సరుకు. తియ్యగా మాట్లాడి ఆ సరుకుని ముఠాతో కలిపేవాడు సోఠా. చేతులు పట్టుకునేవాడొకడు, రుమాలు వేసేవాడొకడు, ముందే చూసిపెట్టుకున్న చోట గొయ్యి తీసేవాళ్లు వేరే. అందరూ కూర్చుని కబుర్లు చెప్పుకుంటుండగా పెద్దవాడు “తంబాకు తినండి” లాంటి మామూలు మాటేదో అంటాడు. ఆ సైగ పేరు ఝిర్నీ. పని ముగిశాక రూపాయిం పావలా బెల్లం తెచ్చి పూజ చేసి పంచుకునేవాళ్లు. ఆ బెల్లం ఒకసారి నాలిక మీద పడితే మనిషి ఇక ఈ వృత్తి మానలేడని ఫిరంగియా అనే నాయకుడు స్లీమన్‌తో చెప్పాడు. ఇన్ని పాత్రల్లోనూ లేకపోతే జరగనివాడు సోఠాయే. దినాలకొద్దీ పక్కన నడిచి, కలిసి తిని, నమ్మకం పుట్టించాలి. రుమాలు పని క్షణాల్లో అయిపోతుంది.

వకీలుగా ఇక్కడ ఒక అభ్యంతరం రికార్డు చేయాలి. అప్రూవరు తన మెడ దక్కించుకోవడానికి నోరు విప్పుతాడు, దొర వినాలనుకున్నదే చెప్తాడు. మరో ఆధారం తోడు లేకుండా అలాంటి సాక్ష్యాన్ని నమ్మొద్దని మన కోర్టులు నేటికీ అంటాయి. అలాగని అంతా కట్టుకథ అని కొట్టేయలేం, అప్రూవర్లు చూపించిన చోట తవ్వితే ఎముకలు దొరికాయి. అయితే దేశమంతా అల్లుకున్న భవానీ భక్తుల రహస్య మతం ఒకటి ఉందన్న స్లీమన్ బొమ్మని ఇప్పటి చరిత్రకారులు చాలామంది ఒప్పుకోరు. పని పోయిన సైనికులు, పన్నుల బరువు, దోపిడీలో వాటా తీసుకునే జమీందార్లు అసలు కారణాలని కిమ్ వాగ్నర్ లాంటివాళ్ల వాదన. నాకూ అదే సబబుగా తోస్తుంది. ముఠాల్లో హిందువులూ ముస్లింలూ కలిసే ఉండేవాళ్లు.

1836లో చేసిన 30వ నంబరు చట్టం ఒక్కమాటతో పని తేల్చింది: థగ్గు ముఠాకి చెందినవాడైతే చాలు, యావజ్జీవం. ఏ హత్య, ఏ తేదీ, హతుడెవరు అన్న ప్రశ్నలు అక్కర్లేదు. 1840 నాటికి 466 మందిని ఉరి తీశారు, 1,504 మందిని ద్వీపాంతరం పంపారు. అప్రూవర్లలో చాలామంది జబల్‌పూరు పనిబడిలో తివాచీలు, డేరాలు నేస్తూ ముసలివాళ్లయ్యారు. మనిషి చేసిన పనిని కాక మనిషినే నేరంగా చూసే ఆ తర్కం అక్కడితో ఆగలేదు. 1871 నేరస్థ తెగల చట్టంలో కులాలకి కులాలనే చుట్టేసింది. నేరస్థ తెగలుగా ముద్రపడినవాళ్ల కోసం బాపట్ల దగ్గర పెట్టిన స్టువర్టుపురం ఎలా పుట్టిందో తెలిసినవాళ్లకి నేను వేరే చెప్పనక్కర్లేదు.

మాట మాత్రం ఓడెక్కి లండన్ చేరింది. నిజాం కొలువులో ఉన్న మెడోస్ టేలర్ 1839లో ‘కన్ఫెషన్స్ ఆఫ్ ఎ థగ్’ అనే నవల వేశాడు. అందులో అమీర్ అలీ అనే థగ్గు తన కథ తానే చెప్పుకుంటాడు. విక్టోరియా రాణి అచ్చు పూర్తయ్యేదాకా ఆగలేక ప్రూఫులు తెప్పించుకుందట. అదే ఏడాది కార్లైల్ అనే రచయిత గ్లాస్గో నూలు మిల్లుల సమ్మెలో హింసకి దిగిన కార్మికుల్ని థగ్గులన్నాడు. రుమాలు లేదు, దారి లేదు, బాటసారి లేడు, మాట మాత్రం అతికిపోయింది. అటుపైన ఇంగ్లీషులో థగ్ అంటే కండబలం చూపించే రౌడీ. ఇటు మెత్తగా మాట్లాడేవాడు, అటు మాటే రాని మొరటువాడు. అర్థం పూర్తిగా తిరగబడింది.

ఉచ్చారణ కూడా పాడైంది. మన ఠకారం రాయడానికి ఇంగ్లీషువాళ్లు టీ పక్కన హెచ్ పెట్టారు. అసలు ఉచ్చారణ విననివాళ్లు దాన్ని తమ భాష పద్ధతిలో చదివి థ చేశారు. మనం ఆ థనే దిగుమతి చేసుకున్నాం.

అమెరికాలో ఈ మాట ఇంకో మలుపు తిరిగింది. ర్యాప్ గాయకుడు టూపాక్ షకూర్ 1990లలో ‘థగ్ లైఫ్’ అని పొట్ట మీద పచ్చబొట్టు పొడిపించుకున్నాడు, తన బృందానికీ అదే పేరు పెట్టాడు. సమాజం చీదరించుకున్నవాడు తలెత్తుకుని బతకడం అని అతని అర్థం. అదే దేశంలో 2015లో బాల్టిమోర్ అల్లర్లప్పుడు నగర మేయరూ అధ్యక్షుడు ఒబామా ఇద్దరూ అల్లరి మూకల్ని థగ్గులన్నారు. నల్లవాళ్లని తిట్టే పాత మాటకి ఇది మర్యాద ముసుగని చాలామంది మండిపడ్డారు. తిట్టిన ఇద్దరూ నల్లవాళ్లే.

మన ఇళ్లలోకి ఇది ఫోను ద్వారా వచ్చింది. ఒకరోజు మా ఆవిడ “ఇంత వయసొచ్చినా తడి తువ్వాలు మంచం మీదే పడేస్తారు” అంది. “దానికీ వయసైపోయింది, కాసేపు పడుకోనీ” అన్నాను. పక్కనే ఉన్న మనవడు ఎగిరి గంతేసి “తాతా, థగ్ లైఫ్!” అన్నాడు. ఎదుటివాడి నోరు మూయించే జవాబుకి వాళ్ల లోకంలో బిరుదు అదట. 2025లో మణిరత్నం కమల్‌హాసన్‌తో తీసిన సినిమాకీ అదే పేరు. గొంతుకి బిగించిన ఉరి నుంచి నోరు మూయించే చమత్కారం దాకా! ఇంత దూరం నడిచిన మాట ఇంకోటి నాకు తెలియదు.

హిందీలో మాత్రం ఠగ్ ఎక్కడికీ పోలేదు, మోసగాడిగానే ఉన్నాడు. హిందీ పేపరు తిరగేస్తే సైబర్ ఠగీ అన్న మాట తరచుగా కనిపిస్తుంది. మా ఆఫీసుకొచ్చిన ఒక రిటైర్డు టీచరు గారిని పోలీసులమని ఫోను చేసి, డిజిటల్ అరెస్టు అని బెదిరించి, ఉన్నదంతా ఊడ్చారు. ఫోనులో అవతలివాడు ఎలా మాట్లాడాడని అడిగితే, “బాగా చదువుకున్నవాడండీ, ప్రతి మాటకీ అండీ అన్నాడు. మాత్ర వేసుకునే టైమైందని ఆయనే గుర్తుచేశాడు” అన్నారు. సోఠా అన్న మాటకి స్లీమన్ ఇంతకంటే మంచి వివరణ ఇవ్వలేదు. కేసు మాత్రం కొత్త సంహిత 318(4), 319(2), ఐటీ చట్టం 66డి కింద నడుస్తోంది. మోసానికి గరిష్ఠంగా ఏడేళ్లు. డబ్బు ఎన్ని ఖాతాలు మారిందో పోలీసులు ఇంకా లెక్క తేలుస్తున్నారు.