తనకు తానే శాసనకర్త

నీ జీవితమునకు ఆధారమైన నియమము లేవియని నేడు ఉద్యోగార్థులను సయితము ప్రశ్నించుట పరిపాటియైనది. సత్యము, శ్రమ, సేవ యని వారు తడుముకొనక బదులు చెప్పుదురు. ఇట్టి పట్టికను కూర్చుట సులభము. దానికి లోబడి బ్రతుకుట యెట్టిదో తెలిసికొనగోరువారు బెంజమిన్ ఫ్రాంక్లిను స్వీయచరిత్రమును చదువుట మేలని మా యభిప్రాయము.

ఫ్రాంక్లిను 1706లో బోస్టను నగరమున జన్మించి, ఫిలడెల్ఫియాలో ముద్రాపకుడై స్థిరపడినవాడు. యౌవనమున ఆయన మితాహారము, మితభాషణము, క్రమము, మితవ్యయము, న్యాయము మొదలగు పండ్రెండు గుణముల నేర్చుకొని, ఒక్కొక్కదాని కర్థమేమో క్లుప్తముగా వ్రాసికొనెను. న్యాయవాదులమగు మాకు ఈ యర్థనిర్ణయమే మిక్కిలి నచ్చినది. నిర్వచనము లేని చట్టమును ఎవడైనను తన కనుకూలముగా వ్యాఖ్యానించుకొనగలడు గదా! మితవ్యయమనగా ఆయనకు చేయి ముడుచుకొనుట కాదు. తనకుగాని పరులకుగాని మేలు కలుగని చోట ఖర్చు చేయకుండుట. పిమ్మట క్వేకరు మతస్థుడగు మిత్రుడొకడు, నిన్ను జనులు గర్విష్ఠి వనుకొనుచున్నారని చెప్పగా, వినయమును పదుమూడవదిగా చేర్చెను. పరుడు చెప్పగా చేరిన యీ యొక్కటియే ఆ పట్టికలో మిగిలినవానికంటె విలువగలదని మాకు తోచుచున్నది.

ఆయన చిన్న పుస్తకమొకటి కుట్టుకొని, ఎఱ్ఱసిరాతో దినముల కేడు నిలువు గళ్లు, గుణములకు పదుమూడు అడ్డువరుసలు గీచెను. తప్పిన చోట నల్లచుక్క. వారమున కొక గుణముపై విశేషదృష్టి; పదుమూడు వారముల కొక యావృత్తి; ఏడాదికి నాలుగు. చుక్కలను చెరిపి చెరిపి కాగితము చిల్లులుపడగా, వానిని దంతపు రేకులపై వ్రాసి తుడుచుకొనసాగెను. ఇది చిట్టా ఆవర్జాల పద్ధతియని పరిహసించువారు కలరు. పరిహసింపవచ్చును, తన లెక్క తానే వ్రాసికొని తానే తనిఖీచేసికొను వర్తకులు మాత్రము మాకు తరచుగా కానరారు.

అన్నిటిలో ఆయనను ఓడించినది క్రమము. వస్తువు వస్తువునకు చోటు, పని పనికి వేళ యేర్పరచుట ఆయనకు వృద్ధాప్యమున సయితము పట్టుబడలేదు. ఇందులకాయన యొక కథ చెప్పినాడు. ఒకడు తన గొడ్డలి యంతయు తళతళలాడవలెనని కమ్మరిని కోరెను. చక్రము నీవు త్రిప్పినచో సానపట్టెదనని కమ్మరి చెప్పెను. కొంతసేపు త్రిప్పి యలసిపోయి, మచ్చలున్న గొడ్డలియే నాకు మేలని యతడు దానిని తీసికొనిపోయెనట.

అయితే మచ్చలన్నియు ఒక్కరీతివి కావు. పరులకు హాని చేయకుండుటయే కాక, చేయవలసిన మేలును మానకుండుటయు న్యాయమేయని వ్రాసికొనిన యీ మహాశయుడు తన యింట బానిసల నుంచుకొనెను. తన పత్రికలో బానిసల విక్రయ ప్రకటనలను అచ్చొత్తెను. వీనికై చుక్క పెట్టితినని ఆయన యెచ్చటను చెప్పలేదు. 1787లో పెన్సిల్వేనియా దాస్యనిర్మూలన సంఘమునకు అధ్యక్షుడయ్యెను. 1790లో, మరణమునకు కొలది నెలల ముందు, దాస్యమునకు వ్యతిరేకముగా కాంగ్రెసునకు పంపిన విజ్ఞప్తిపై సంతకము చేసెను. ఇందు చట్టము మారలేదు. దాని పరిధి మారినది. న్యాయమని వ్రాసికొను యువకుడు అది తన యింటి పనిమనిషికి వర్తించునా, కూలివానికి వర్తించునా యని కూడ వ్రాసికొనవలెనని మేమనుటకు కారణమిదియే.

నియమములను ముందుగా ఏర్చుకొనక, పనిలోనుండి ఏరుకొనువారును కలరు. 1893లో దాదా అబ్దుల్లా వ్యాజ్యమునకై దక్షిణాఫ్రికా వెళ్లిన గాంధీ అట్టివాడు. వాది ప్రతివాదులు బంధువులు. వ్యాజ్యము సాగినకొలది ఇరువురును నాశనమగుదురని గ్రహించి, ఆయన మధ్యవర్తిత్వమునకు వారి నొప్పించెను. తీర్పు తన కక్షిదారునకే యనుకూలమయ్యెను. ఇంచుమించు 37,000 పౌనులు ఒక్కమారుగా చెల్లించినచో ప్రతివాది దివాలా తీయవలసినదే. వాయిదాలకు ఒప్పించుట రాజీకి ఒప్పించుటకంటె కష్టమైనను, గాంధీ దానిని సాధించెను. విడిపోయినవారిని కలుపుటయే న్యాయవాది ధర్మమని తెలిసినది అప్పుడేయనియు, తరువాతి ఇరువదియేండ్ల వృత్తిలో వందలకొలది వ్యాజ్యములను రాజీచేయుటవలన తనకు ధననష్టమైనను కలుగలేదనియు ఆయన తన యాత్మకథలో వ్రాసికొనెను.